వయసు చూసి కాదు, కాలు కొలిచి సైకిలు కొనండి

సంపాదకులు గారికి నమస్కారాలు.

మొన్న ఆదివారం అనుబంధంలో పిల్లలకి మొదటి సైకిలు ఎలా కొనాలో చెబుతూ అర పేజీ వేశారు. బొమ్మలు ముచ్చటగా ఉన్నాయి. కింద ఒక పట్టిక కూడా ఇచ్చారు. మూడు నుంచి ఐదేళ్లకి 14 ఇంచీల చక్రం, ఐదు నుంచి ఏడుకి 16, ఏడు నుంచి తొమ్మిదికి 20, తొమ్మిది దాటితే 24 అని. ఈ ఉత్తరం ఆ పట్టిక గురించే. సరిగ్గా అలాంటి పట్టికనే ఫోన్లో చూసి, నమ్మి, పోయిన దసరా అప్పుడు మా మనవరాలికి సైకిలు తెప్పించాను. పిల్ల గడ్డానికి రెండు కుట్లు పడ్డాయి.

కుట్లు నాకు కొత్త కాదు. నేను తణుకులో ఆడవాళ్ల బట్టలు కుట్టే టైలర్‌ని. మిషనెక్కి ముప్పై ఏడేళ్లయింది. ఏటా జూన్ వచ్చిందంటే స్కూలు యూనిఫాంలతో మా ఇంట్లో నడవడానికి చోటుండదు. ఒకే తరగతిలో, ఒకే బెంచీ మీద కూర్చునే ఇద్దరు పిల్లలకి పొడవులో నాలుగు ఇంచీలు తేడా రావడం నేను ఏటా చూస్తాను. ఏ తల్లయినా వచ్చి ‘మా పిల్లకి తొమ్మిదేళ్లండి, కుట్టేయండి’ అని వయసు చెప్పి వెళ్లిపోతే నేను కత్తెర పట్టుకుంటానా? పిల్లని తీసుకురమ్మంటాను. అలాంటిదాన్ని, మెడలో టేపు వేలాడుతుండగా, వయసు చూసి సైకిలు కొన్నాను. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ నాలాంటి వాళ్లు ఈ సెలవుల్లో ఎంతమంది ఉంటారో అని రాస్తున్నాను.

జరిగింది చెబుతాను. మా అమ్మాయి ఇక్కడే బ్యాంకులో చేస్తుంది. అల్లుడుగారిది హైదరాబాదులో ఉద్యోగం, శనాదివారాలు వచ్చి వెళుతుంటారు. పిల్లకి తొమ్మిది నిండాయి. మనిషి సన్నం, పొట్టి. నాలుగడుగుల రెండు ఇంచీలు ఉంటుంది. దసరా ఆఫర్లలో 24 ఇంచీల సైకిలు ఒకటి కనబడింది. ముందు షాక్ అబ్జార్బర్లు, లావు టైర్లు, గులాబీ రంగు. 6,499 రూపాయలు. అదే తరహాది మా ఊళ్లో అడిగితే 6,900 అన్నారు. నాలుగు వందలు మిగిలాయని ఎంత సంబరపడ్డానో.

పెద్ద అట్టపెట్టె వచ్చింది. అందులో సైకిలు పూర్తిగా ఉండదు. ముందు చక్రం, హ్యాండిలు, సీటు, పెడళ్లు విడిగా ఉంటాయి. రేకు ముక్కలాంటి స్పానరొకటి, అలెన్ కీ ఒకటి ఇస్తారు. అల్లుడుగారు ఆదివారం పొద్దున్నే కింద దుప్పటి పరుచుకుని, ఫోన్లో వీడియో పెట్టుకుని కూర్చున్నారు. మధ్యాహ్నం పప్పుచారు చల్లారిపోయే వేళకి సైకిలు నిలబెట్టారు. పిల్ల చప్పట్లు కొట్టింది. నేను హారతిచ్చాను కూడా. అల్లుడి పనికి వంక పెట్టే అత్తగారు మా గోదావరి జిల్లాలో ఇంకా పుట్టలేదండి.

పిల్ల సీటెక్కితే కాళ్లు కింద ఆనలేదు. బొటనవేళ్లు మాత్రం అందాయి. ‘పెరిగే పిల్ల కదా, ఏడాదిలో అందుతాయి’ అన్నాను. ఈ మాట రోజుకి పదిమంది తల్లులు నాతో అంటారు. ‘పెరిగే పిల్ల కదండీ, కాస్త వదులుగా కుట్టండి’ అని. నేను లోపల గుడ్డ వదిలి, కింద మడతలో రెండు ఇంచీలు దాచి కుడతాను. కానీ బట్ట వదులైతే పిల్లకి ఏమీ కాదు. మహా అయితే భుజం జారుతుంది. సైకిలు వదులైతే పిల్ల జారుతుంది.

నాలుగు రోజులు వెనక క్యారియర్ పట్టుకుని పరిగెత్తాను, ఈ వయసులో. పిల్ల మలుపు తిప్పినప్పుడల్లా ‘అమ్మమ్మా, చక్రం కాలికి తగులుతోంది’ అనేది. తొక్కడం రాక అలా అంటోందనుకున్నాను. ఐదో రోజు సాయంత్రం మా వీధి మలుపులో ఎడమ పెడలు ఊడి రోడ్డు మీద పడింది. ఆ పెడలు మీదే బరువంతా వేసి లేచిన పిల్ల ముందుకి బోర్లా పడింది. గడ్డం పగిలింది. ఆస్పత్రిలో కుట్లు వేస్తుంటే నేను పక్కనే నిలబడి దారం చూశాను. నల్లదారం. ఎందుకో అదే గుర్తుండిపోయింది.

సైకిలు పంపిన వాళ్లకి ఫోన్ చేస్తే, మీరే బిగించుకున్నారు కాబట్టి గ్యారంటీ వర్తించదన్నారు. వాళ్ల మాట వాళ్ల కాగితంలో ఉంది. చదవకపోవడం మా తప్పు.

మర్నాడు సైకిలుని నడిపించుకుంటూ మా వీధి చివరి సైకిలు షాపుకి తీసుకెళ్లాను. ఆ షాపాయన్ని నేను అన్నయ్యగారూ అంటాను, ఆయన నన్ను చెల్లెమ్మా అంటారు. చుట్టరికం ఏమీ లేదు. వాళ్లావిడ జాకెట్లు నేను కుడతాను, అంతే. అరవై దాటిన మనిషి. నేను ఇంకా పది అడుగుల దూరంలో ఉండగానే, చేతిలో ట్యూబు అలాగే పట్టుకుని, ‘చెల్లెమ్మా, ఆ ఫోర్కు వెనక్కి తిరిగి ఉందేవిటి?’ అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆయన చూపించారు. ముందు చక్రాన్ని పట్టుకునే రెండు కాళ్లనీ కలిపి ఫోర్కు అంటారు. బ్రేకు దానికి ముందు వైపున ఉండాలి. మాది లోపలికి, ఫ్రేము వైపుకి తిరిగి ఉంది. అంటే ఫోర్కు మొత్తం వెనకది ముందుకి చేసి బిగించారన్నమాట. చక్రం పెడళ్లకి దగ్గరగా వచ్చేసింది. పిల్ల నిజమే చెప్పింది. చక్రం దాని కాలి వేళ్లకి తగులుతూనే ఉంది. మీ పాఠకుల్లో ఎవరైనా ఇంట్లోనే బిగించుకుని ఉంటే ఇప్పుడే వెళ్లి బ్రేకు ఏ వైపుందో చూసుకోండి. ఈ పొరపాటు నెలకి ఒకటైనా తన దగ్గరికి వస్తుందన్నారాయన. హ్యాండిలు నిటారుగానే కనబడుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు.

తర్వాత పెడలు. ఇది నేను జన్మలో మర్చిపోను. కుడి పెడలు మర మామూలు మరే. కుడి పక్కకి తిప్పితే బిగుస్తుంది. ఎడమ పెడలు మర తిరగేసి ఉంటుంది. ఎడమ పక్కకి తిప్పితేనే బిగుస్తుంది. తొక్కేకొద్దీ వదులు కాకుండా అలా చేస్తారట. పెడలు ఇరుసు చివర ఎల్ అనో ఆర్ అనో చిన్న అక్షరం కొట్టి ఉంటుంది. అల్లుడుగారు అది చూడలేదు. అటుది ఇటు, ఇటుది అటు పెట్టి, ఎక్కకపోతే స్పానరుతో బలంగా తిప్పారు. మగవాళ్లకి అదొక నమ్మకం, ఎక్కనిది బలవంతంగానైనా ఎక్కుతుందని. పెడళ్లు బిగించే ఇనప చేతుల్ని క్రాంకులంటారు. వాటిలో మరలు అరిగి రజనైపోయాయి. అన్నయ్యగారు ఆ రజను వేలితో తీసి నా అరచేతిలో పోశారు. వెండి పొడిలా ఉంది. క్రాంకు సెట్టు మార్చడానికి 650 అయింది. మిగిలిన నాలుగు వందలూ పోయి, పైన ఇంకో రెండున్నర వందలు. ఆస్పత్రి ఖర్చు వేరే.

బాగు చేయడం అయ్యాక డబ్బు ఇవ్వబోతే ఆయన తీసుకోకుండా ‘పిల్లని ఎక్కించమ్మా ఓసారి’ అన్నారు. గడ్డానికి ప్లాస్టరుతో పిల్ల నా వెనక నక్కి నిలబడింది. ఎక్కమంటే ఎక్కనంది. ఆయన బలవంతం చేయలేదు. ‘సైకిలెక్కొద్దులే. ఊరికే దాని మీదుగా కాళ్లు చెరో పక్కా పెట్టి నిలబడు చాలు’ అన్నారు. నిలబడలేకపోయింది. మధ్య కడ్డీ తగులుతోంది, మునివేళ్ల మీద లేవాల్సి వచ్చింది. ఆయన నా మెడవైపు చూసి, ‘టేపు మెళ్లోనే ఉందిగా’ అన్నారు.

నేల మీద తల కొట్టుకోవాలనిపించింది.

గోడకి ఆనించి నిలబెట్టి, చెప్పులు విప్పించి, కాళ్ల మధ్య ఒక నోటుపుస్తకం పైకి ఆనించి పట్టుకుని, అక్కడి నుంచి నేల దాకా కొలిచాను. మేం ప్యాంటుకి లోపలి పొడవు తీసే కొలతే ఇది. ఇరవై రెండున్నర ఇంచీలు. సైకిలు కడ్డీ ఎత్తు పాతిక. అంటే నేను ఇరవై రెండున్నర ప్యాంటు తొడగాల్సిన పిల్లకి పాతిక ఇంచీల గోడ దూకమన్నాను. పిల్ల లోపలి కొలత కన్నా కడ్డీ కనీసం రెండు ఇంచీలు కిందికి ఉండాలి, ఆగినప్పుడు రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనించి నిలబడగలగాలి అన్నారాయన. మీ పట్టికలో లేనిది ఈ ఒక్క గీతే.

సీటు దించేస్తే సరిపోదా అని నేనూ అడిగాను. ఎందుకంటే అంతకుముందే ఇంకో పెద్ద దుకాణంలో అలా చెప్పారు. అక్కడ 20 ఇంచీలది చూపించండి అంటే 24 ఇంచీలదానికే సీటు కిందికి దించి ‘సరిపోద్దండి, రెండేళ్లు వాడుకోవచ్చు’ అన్నారు. ఆ సైకిలు టైర్లలో గాలి కూడా లేదు. అన్నయ్యగారు నవ్వారు. ‘సీటు దిగుతుంది. కడ్డీ దిగుతుందా? హ్యాండిలు దగ్గరికొస్తుందా?’ నిజమే. నడుం బిగుతు సరిచేస్తే చేతుల పొడవు సరైపోదు కదా.

ఇక నేను మనసులో ఖాయం చేసుకున్నది ఆ రోజే. 20 ఇంచీలది ఇవ్వండి అన్నాను. ఆయన షాపులో ఆ వేళకి 20 ఇంచీలవి రెండున్నాయి. ఒకటి మగపిల్లలది, కడ్డీ ఎత్తుగా ఉంది. రెండోదానికి గేర్లున్నాయి. రెండూ వద్దన్నారు. ‘గురువారం తాడేపల్లిగూడెం నుంచి సరుకొస్తుంది. అప్పుడు రా చెల్లెమ్మా’ అన్నారు. డబ్బు చేతిలో పట్టుకుని నిలబడ్డదాన్ని వెనక్కి పంపించారు. మంచి సైకిలు షాపుకి గుర్తేమిటని ఎవరైనా నన్ను అడిగితే ఇదే చెబుతాను. నా దగ్గరికీ కొందరు గుడ్డ తెచ్చి అనార్కలీ కుట్టమంటారు. గుడ్డ చాలదమ్మా అని వెనక్కి పంపితే మళ్లీ వాళ్లే వస్తారు. చాలీచాలని గుడ్డతో కుట్టి ఇచ్చినవాళ్ల దగ్గరికి రారు.

గేర్లు ఎందుకు వద్దన్నారంటే, మాది డెల్టా. గోస్తనీ కాలువ మీద వంతెన ఎక్కడం తప్ప మాకు ఎత్తూ పల్లం తెలియదు. విశాఖపట్నంలో ఉంటే వేరే మాట, అక్కడ వీధి దాటితే ఎత్తెక్కాలి. బల్లపరుపు నేల మీద తొమ్మిదేళ్ల పిల్లకి 21 గేర్లు తాళాల గుత్తిలాంటివి. ఒకటే తలుపుంటే ఇరవై ఒక్క తాళాలెందుకు? పైగా చౌక గేర్ల సైకిలు ఒకసారి కుడి పక్కకి పడిందంటే వెనక వేలాడే ఆ గేరు ముక్క వంగుతుంది. ఇక చైను ఎప్పుడు ఎటు జారుతుందో దానిష్టం. డిస్కు బ్రేకులూ అంతే. చౌకవాటిలో చక్రం మధ్యనుండే ఆ గుండ్రటి బ్రేకు రేకు వంగితే చక్రం తిరిగినప్పుడల్లా గీరుకుంటూనే ఉంటుంది. రిమ్ము పట్టుకునే మామూలు బ్రేకులే చాలు. కాకపోతే రిమ్ము అల్యూమినియంది అయ్యుండాలి. మెరిసే ఇనప రిమ్ము మీద వానలో బ్రేకు సరిగా పట్టదు. మా దగ్గర వాన ఎన్ని నెలలుంటుందో మీకు చెప్పాలా?

షాక్ అబ్జార్బర్ల గురించి నాకు వేరే బాధ ఉంది, బరువు. ఆ గులాబీ సైకిలుని మా వీధి కిరాణా కొట్టు కాటా మీద పెట్టాను. పదహారు కిలోలు. పిల్లని పెట్టాను, ఇరవై నాలుగు. కొట్టతను ఇద్దరినీ కలిపి తూచి ‘ఎంతకిస్తారండీ’ అన్నాడు. నవ్వాం గానీ, తన బరువులో మూడింట రెండొంతులున్న వస్తువుని పిల్ల ఎలా అదుపు చేస్తుంది? నేను అరవై కిలోలుంటాను. నాకు నలభై కిలోల మిషను ఇచ్చి వీధిలో నడిపించుకు రమ్మంటే ఎలా ఉంటుందో ఆలోచించుకున్నాను.

గురువారం వెళ్లాం. 20 ఇంచీల చక్రాలు, కడ్డీ కిందికి వంగినది, గేర్లు లేవు, షాకులు లేవు. ధర 5,600. బిల్లు మీద జీఎస్టీ 5 శాతం అని రాసి చూపించారు. 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం కాస్తా 5 అయిందట. ఇంకొకటి కూడా బిల్లు మీద రాశారు, ఫ్రేము నంబరు. పెడళ్ల కింద సైకిలుని తిరగేస్తే ఉక్కు మీద కొట్టి ఉంటుంది. పోయిందంటే పోలీసులకి చెప్పుకోవడానికి మన దగ్గరుండే ఆధారం అదే. మా ఇంట్లో ఎన్నో సైకిళ్లు వచ్చాయి, పోయాయి. ఒక్కదాని నంబరైనా మాకెవరికీ తెలియదు.

ఆయన ఆ సైకిలు ఇచ్చిన తీరు కూడా చెప్పాలి. పెట్టెలోంచి తీసింది తీసినట్టు ఇవ్వలేదు. తలకిందులుగా నిలబెట్టి చక్రం తిప్పారు. ఫోర్కుకి ఆనించి చాక్‌పీసు పట్టుకున్నారు. రిమ్ము ఎక్కడ బెండుందో అక్కడ మాత్రం సుద్ద అంటుకుంటుంది. నేను గుడ్డ మీద గుర్తు పెట్టేదీ సుద్దతోనే, అందుకని అక్కడే ఆగిపోయి చూశాను. సుద్ద పడ్డ చోట చక్రం పుల్లల్ని, అంటే స్పోకుల్ని, చిన్న కీతో పావు మలుపు అటూ ఇటూ తిప్పడం, మళ్లీ చక్రం తిప్పడం. గీత పొట్టిదైంది, చుక్కైంది, పోయింది. తర్వాత పుల్లల్ని ఒక్కొక్కటీ బొటనవేలితో మీటుతూ చెవి పెట్టి విన్నారు. వదులుగా ఉన్న పుల్ల బొయ్యిమంటుంది, బిగువుగా ఉన్నది టింగుమంటుంది. ‘అన్నీ ఒకే శ్రుతిలో ఉండాలి’ అన్నారు. పాత నల్ల సైకిళ్లకి ముందు 32 పుల్లలు, వెనక 40 ఉండేవి. అంత బరువు మోసేవి, బియ్యం మూటలూ గడ్డి మోపులూ. ఇప్పటివి అలా ఉండవట.

తర్వాత బ్రేకు లీవరు. పిల్లని పట్టుకోమన్నారు. వేళ్ల కొసలు మాత్రమే అందాయి. లీవరు మొదట్లో చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని తిప్పితే లీవరు హ్యాండిలు వైపు జరుగుతుంది. నాలుగు మలుపులు తిప్పారు, వేళ్లు రెండో కణుపు దాకా వచ్చాయి. ఇలాంటి స్క్రూ ఒకటుందని ఇప్పటిదాకా నాకు తెలియదు. కొనేముందు పిల్ల చేత్తోనే బ్రేకు పట్టించి చూడండి, మీ చేత్తో కాదు. పెద్దవాళ్ల చేతికి అన్ని బ్రేకులూ పడతాయి.

అన్నిటికన్నా వింత చివర చేశారు. అంత బాగా బిగించిన పెడళ్లు రెండూ విప్పేసి కాగితంలో చుట్టి నా సంచిలో వేశారు. ‘వారం పాటు పెడళ్లు లేకుండా ఆడుకోనీ. సీటు దించాను, కాళ్లతో నేలని తన్నుకుంటూ వెళుతుంది. బ్యాలెన్సు వచ్చాక తీసుకురా, బిగిస్తాను. నువ్వు వెనక పరిగెత్తొద్దు’ అన్నారు. పిల్ల భయం మూడో రోజుకి పోయింది. స్కూలు గ్రౌండులో రెండు కాళ్లూ గాల్లో పెట్టి ఇరవై అడుగులు జారింది. ఆరో రోజు పెడళ్లు బిగించాం. ఆ సాయంత్రమే తొక్కేసింది. నేను 1979లో అత్తిలిలో నేర్చుకున్నప్పుడు గంటకి అర్ధ రూపాయి అద్దె. మడ్‌గార్డు మీద తెల్ల రంగుతో నంబరుండేది. లంగా దోపుకుని, కడ్డీ కిందనుంచి కాలు దూర్చి అడ్డంగా వేలాడుతూ తొక్కేదాన్ని. మోకాళ్ల మీద ఆ మచ్చలు ఇంకా ఉన్నాయి. మూడు నెలలు పట్టింది, అద్దె డబ్బులకి ఎన్ని అబద్ధాలాడానో. ఆరు రోజుల్లో వచ్చేదానికి మూడు నెలలు పడ్డామా అని కొంచెం కోపం కూడా వచ్చింది.

ఇక నా వృత్తి మాటలు రెండు చెప్పుకోనివ్వండి. ఈ మధ్య వచ్చే పిల్లల సైకిళ్లకి స్టయిలు కోసం వెనక మడ్‌గార్డు ఉండదు, చైను మీద కవరుండదు. వానాకాలంలో స్కూలు విడిచే వేళ మా వీధిలో నిలబడితే తెల్ల చొక్కాల వీపుల మీద నడుం నుంచి మెడదాకా బురద చార కనబడుతుంది. చైను నమిలిన ప్యాంటు అంచులు వారానికి రెండైనా నా దగ్గరికి రిపేరుకి వస్తాయి. ఆ నల్ల గ్రీజు మరక పోదు. ఎవరు చెప్పినా నమ్మకండి. చిరుగు కుట్టగలను గానీ మరక తీయలేను. ఆడపిల్లల చున్నీలు ఇంకా భయం. గాలికి వెనక చక్రంలోకి పోతే గొంతుకి బిగుస్తుంది. పాత లేడీస్ సైకిళ్లకి వెనక చక్రానికి రెండు పక్కలా వల ఉండేది. అది అడిగి పెట్టించుకోండి. యాభయ్యో వందో అవుతుంది. స్కూలు యూనిఫాం చున్నీలకి నేను ఈ ఏడాది నుంచి నడుం దగ్గర లోపల ఒక నాడా కుట్టి ఇస్తున్నాను, కట్టుకోవడానికి. అడగని వాళ్లకి కూడా.

సైకిలుతో పాటు వచ్చే రిఫ్లెక్టర్లు, అంటే ముందు తెల్లది, వెనక ఎర్రది, పుల్లల మధ్యవి, కొందరు అందం పోతుందని పీకించేస్తారు. వద్దు. మా పిల్ల ట్యూషన్ నుంచి ఆరున్నరకి వస్తుంది, శీతాకాలంలో అప్పటికే చీకటి. దాని స్కూలు బ్యాగు వెనక రేడియం పట్టీ ఒకటి కుట్టాను. లారీ వాళ్లు అంటించుకునేది కాదు, గుడ్డ మీద కుట్టేది దొరుకుతుంది.

సైకిలు షాపుల గురించి మీ వ్యాసంలో ఒక్క వాక్యమే ఉంది, ‘మీ దగ్గరలోని డీలరుని సంప్రదించండి’ అని. అన్నయ్యగారి షాపు బోర్డు మీద ఇప్పటికీ అట్లాస్ సైకిళ్ల కంపెనీ పేరుంటుంది. ఆ కంపెనీ ఢిల్లీ పక్కన సాహిబాబాదులో ఉన్న ఫ్యాక్టరీని 2020 జూన్ 3న ఆపేసింది. ఆ రోజు ప్రపంచ సైకిలు దినోత్సవమట. బోర్డు మార్చరా అంటే ‘అక్షరాలు బాగున్నాయి కదమ్మా’ అంటారు. కంపెనీలు వస్తాయి, పోతాయి. 20 ఇంచీల ట్యూబు, బ్రేకు కేబులు, చైను లింకు, పెడలు గోళీలు ఎవరి దగ్గర ఎప్పుడూ దొరుకుతాయో వాళ్లే మనకి డీలరు. నెల తర్వాత తీసుకురమ్మన్నారు, తీసుకెళ్లాను. కొత్త కేబుళ్లు సాగుతాయట, పుల్లలు సర్దుకుంటాయట. అరగంట పట్టింది. డబ్బు తీసుకోలేదు. షాపుకి వెళ్లినప్పుడు ఆ మనిషి మొదట ధర చెప్పాడా, పిల్లని అడిగాడా చూడండి. పిల్లని సైకిలెక్కించకుండా బిల్లు రాసే షాపులో సైకిలు కొనకండి, ఎంత తగ్గించినా సరే.

ఆన్‌లైన్లో ఇప్పటికే ఆర్డరు పెట్టేసిన వాళ్లున్నారనుకోండి, పెట్టె విప్పకుండా అలాగే షాపుకి తీసుకెళ్లండి. బిగింపు కూలి మూడు నాలుగు వందలు తీసుకుంటారు. ‘మా దగ్గర కొనలేదుగా’ అని కొందరు ముఖం తిప్పుకుంటారు, నిజమే. అన్నయ్యగారిని నేను అడిగాను, మీకు కోపం రాదా అని. ‘ఎక్కడ కొన్నా తొక్కేది మన రోడ్డు మీదేగా’ అన్నారు.

గులాబీ సైకిలు అటక మీద ఉంది. ఫోర్కు ముందుకి తిప్పించి, దుమ్ము పడకుండా పాత చీర కప్పాను. పిల్ల లోపలి కొలత 27 ఇంచీలు వచ్చిన రోజున దించుతాం. ప్రతి నెలా ఒకటో తారీకున గోడకి నిలబెట్టి పెన్సిలు గీత గీస్తున్నాను. ఈ నెల ఇరవై మూడుంపావు. అల్లుడుగారు ఆ గీతలు చూసి ఏమీ అనరు. మొన్న వచ్చినప్పుడు మాత్రం నా మిషను బెల్టు వదులైందని స్పానరు తీశారు. కాఫీ తాగండి అల్లుడుగారూ అని చేతిలో గ్లాసు పెట్టాను.

సంపాదకులు గారూ, మీకు నా మనవి ఒకటే. ఆ వ్యాసం మళ్లీ వేస్తే వయసు గడి తీసేసి, దాని చోట లోపలి కాలి పొడవు గడి పెట్టండి. నోటుపుస్తకం, గోడ, పెన్సిలు బొమ్మ ఒకటి వేస్తే ఎవరికైనా అర్థమవుతుంది. ఈలోగా మా తణుకు వాళ్లలో ఇంట్లో టేపు లేనివాళ్లెవరైనా పిల్లల్ని తీసుకుని నా దగ్గరికి రావచ్చు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఖాళీగానే ఉంటాను. కొలిచి కాగితం మీద రాసి ఇస్తాను, కూలి వద్దు. జూన్ మొదటి వారంలో మాత్రం రాకండి, యూనిఫాంలు ఉంటాయి.

ఇట్లు,
ఒక లేడీస్ టైలరు,
తణుకు, పశ్చిమ గోదావరి జిల్లా